పుస్తకం చదివి ఒడ్డు మీద గాలం వేట నేర్చుకోవచ్చా?

కొత్తగాలం:
బదిలీ మీద విశాఖ వచ్చి ఆరు నెలలైంది. పన్నెండు అడుగుల రాడ్డు, రీలు కొన్నాను. ఒడ్డున నిలబడి కెరటాల్లోకి గాలం విసరడం నేర్పే ఇంగ్లండు పుస్తకాలు రెండు తెప్పించుకుని చదువుతున్నాను. ఇప్పటిదాకా జెల్ల పిల్లలు తప్ప ఏమీ పడలేదు. పుస్తకాలతో ఈ పని వస్తుందా, ఎవరి వెంటైనా తిరగాలా?

అలివివల:
రాదండీ. ఇంగ్లండులో కొన్ని తీరాల్లో పోటుకీ పాటుకీ పది మీటర్ల పైనే తేడా ఉంటుందట. నీళ్లు తీసినప్పుడు గుంటలు ఎక్కడున్నాయో నడిచి చూసుకోవచ్చు, ఎర పురుగులు తవ్వుకోవచ్చు. మన విశాఖలో పున్నమికీ అమావాస్యకీ కూడా తేడా సుమారు మీటరున్నర. గుంట నీళ్ల కిందే ఉంటుంది. కెరటం ఎక్కడ విరుగుతోంది, ఎక్కడ విరగట్లేదు, అది చూసి కనిపెట్టాలి. మా నాన్న అలివి వల, అంటే ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్ద వల, వేసే ముందు అరగంట ఒడ్డున కూర్చుని నీళ్లే చూసేవాడు. ఆ చూపు ఏ పుస్తకంలో ఉంది?

గోస్తనీ_ఒడ్డు:
పోటుపాట్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ పుస్తకమే లేకపోతే ఈపాటికి నా చేతిలో ఎవరో ఒకరు పోయి ఉండేవారు. భీమిలిలో ఒక ఆదివారం సాయంత్రం నాలుగు ఔన్సుల సీసం, అంటే 113 గ్రాములు, పన్నెండు పౌండ్ల బరువు ఆపే సన్న దారానికి కట్టి బలం కొద్దీ విసిరాను. దారం పుటుక్కున తెగింది. గుండు పక్కకి దూసుకుపోయి, పిల్లలు ఇసుక గూళ్లు కడుతున్న చోటికి నాలుగడుగుల దూరంలో తడి ఇసుకలో దిగబడింది. తవ్వి తీస్తే నా వేలు పూర్తిగా దిగేంత లోతు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పుస్తకం తీస్తే ఉంది: సీసం ఔన్సుకి పది పౌండ్ల బలం లెక్కన, సన్న దారం చివర లావు దారం కట్టాలి. నాలుగు ఔన్సులకి నలభై పౌండ్లు. ఆ లావు దారం రాడ్డుకి రెట్టింపు పొడవు, పైన రీలు మీద ఆరేడు చుట్లు ఉండాలి. ఒడ్డు మీద రోజూ నన్ను చూసినవాళ్లెవరూ ఈ మాట చెప్పలేదు.

ఉప్పుగాలి:
ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాను బలం పోతుంది. చేతికొచ్చిన పండుగప్ప అలాగే పోయింది నాకు.

అలివివల:
మేం దారం చేత్తో విసురుతాం. రాడ్డు తెచ్చిన ప్రమాదానికి రాడ్డు పుస్తకం మందు చెప్పింది, అంతే. అది సముద్రం గురించి నేర్పడం కాదు.

గోస్తనీ_ఒడ్డు:
సముద్రం గురించే చెప్తా. జెల్ల ముల్లు బొటనవేలికి దిగి చెయ్యంతా మంటెత్తిపోతుంటే ఏం చేశాననుకున్నారు? వాళ్ల తీరంలో వీవర్ అనే విషపు ముల్లు చేప ఉంటుంది. అది గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టమని రాశారు. పెట్టాను, నొప్పి తగ్గింది.

అలివివల:
మా అమ్మమ్మ పెట్టించేదీ ఆ వేడినీళ్లే.

కొత్తగాలం:
రెండు నురగల మధ్య నీరు నున్నగా, కాస్త నల్లగా కనిపించే చోట గాలం వెయ్యమని నా పుస్తకంలో ఉంది. ఇక్కడా అంతేనా?

అలివివల:
అంతే. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయేదీ ఆ దారినే. చేప తిరిగేదీ అక్కడే, మనిషి కొట్టుకుపోయేదీ అక్కడే. సిటీ నుంచి వచ్చిన ఒకాయన నడుము లోతు దిగి రాడ్డు పట్టుకు నిలబడితే మా పేట కుర్రాళ్లు తాడేసి లాగారు. ఆయన బ్యాగులోనూ మీలాంటి పుస్తకమే ఉంది.

గోస్తనీ_ఒడ్డు:
ఆ పుస్తకాల్లోనే రాశారు, మోకాలు దాటి దిగొద్దని, లాగేస్తే ఒడ్డుకి ఎదురీదకుండా పక్కకి ఈదమని. ఒక్కసారైనా తెరిచి చూశారా మీరు? చదవకుండానే తీర్పు చెప్పేస్తే ఎలా?

ఉప్పుగాలి:
గొడవెందుకండీ. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు పెద్ద కెరటాల హెచ్చరికలు ఇస్తారు. అది చూసుకుని వెళ్లండి.

అలివివల:
చదవలేదు. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి తాడు చేతికిచ్చారు. ఇంగ్లిషు పుస్తకం ఎలా చదవను?
అడిగారు కాబట్టి చెప్తున్నా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు వేటకి పోకూడదు. ఆ 61 రోజులూ మాలో చాలామందికి మిగిలేది ఈ ఒడ్డే. అక్కడికే మీరు సరదాకి వస్తారు, తెగిన దారాలు, కొక్కేలు ఇసుకలో వదిలి పోతారు. నిరుడు మా తమ్ముడు వల లాగుతుంటే మూడు కొక్కేల గాలం పాదంలో దిగింది. పన్నెండు రోజులు పనికి పోలేదు. ఎక్కడ నిలబడాలో మమ్మల్నే అడుగుతారు, చేప పడ్డాక పుస్తకంలో నేర్చుకున్నానని ఫొటో పెడతారు. నా బాధ అదీ.

గోస్తనీ_ఒడ్డు:
కొక్కేల విషయంలో మీరు నన్ను ఎంత తిట్టినా పడతాను. నేనూ వదిలాను, మొదట్లో.
కానీ నేను అడగలేదనుకోకండి. మూడు రోజులు తెల్లవారుజామున పడవల దగ్గరికి వెళ్లాను. "బాబూ, ఇది మీ పని కాదు" అని నవ్వారు. నాలుగో రోజు వెళ్లలేకపోయాను. పుస్తకం నన్ను చూసి నవ్వలేదు. అందుకే దాన్ని ఎవరైనా తీసిపారేస్తే నాకు కోపం వస్తుంది.

అలివివల:
నవ్వి ఉంటారు. మా వాళ్లకి బట్టలు నలగనివాణ్ని చూస్తే నవ్వే. నేనూ నవ్వేవాణ్నేమో.

కొత్తగాలం:
అలివివల గారూ, ఆదివారం రాడ్డు లేకుండా వస్తాను. తాడు పట్టనిస్తారా?

అలివివల:
ఐదింటికి వేస్తాం. తాడు పట్టేవాళ్లు ఎప్పుడూ తక్కువే. చెప్పులు వేసుకురండి, ఇసుకలో కొక్కేలుంటాయి.

గోస్తనీ_ఒడ్డు:
కొత్తగాలం గారూ, తర్వాత రాడ్డు తీసినప్పుడు ఔన్సుకి పది పౌండ్లు. అది మాత్రం మరిచిపోవద్దు.