"దానవాగ్రణి" తర్వాత వింటేనా, కంటేనా?

పెదవాల్తేరు: మా స్నేహితురాలు ఆంధ్రా యూనివర్సిటీలో మాట్లాడబోతోంది. విషయం, సరంధ్ర పదార్థాల లోపల కూర్చోబెట్టిన ఉత్ప్రేరకాలు. మొదటి స్లైడుకి ప్రహ్లాదుడి కందం కావాలంది. "అందందే గలఁడు దానవాగ్రణి" దాకా వచ్చి ఆగిపోయాను. తర్వాత వింటేనా, కంటేనా? మా ఇంట్లో కంటే అనేవారు.

భీమిలి మాస్టారు: వింటే. చెబుతున్నది పిల్లాడు, "విన్నావా" అంటున్నాడు. ఇందులో చర్చేముందమ్మా?

గాజువాక: ఉంది మాస్టారూ. "వెదకి చూచిన" అన్నవాడు "కంటే" అనకూడదా? రెండు మాటలూ గగమే, అంటే రెండేసి గురువులు. యతి "అందందే"కీ "అగ్రణి"లో అకారానికీ కుదిరింది, చివరి గణం జోలికే రాదు. ఛందస్సు మీ తరఫున సాక్ష్యం చెప్పదు.

భీమిలి మాస్టారు: సందర్భం చెబుతుంది. కనిపిస్తే హిరణ్యకశిపుడు స్తంభాన్ని ఎందుకు కొడతాడు?

మల్కాపురం: రిఫైనరీలో చేసి రిటైరైనవాణ్ణి, నా మాట వినండి. అసలా పద్యమే ఆ స్లైడుకి నప్పదు. చక్రి సర్వోపగతుడు. ఉత్ప్రేరకం అలా అంతటా ఉంటే కొంప మునుగుతుంది. "ఇందు గలదు, అందు లేదు" అని రుజువు చెయ్యడమే అక్కడి పని. ఉత్ప్రేరకంగా పెట్టిన లోహం రంధ్రంలో ఉందా, ఆ పదార్థపు గింజ పైతలాన అంటుకుందా? పైన ఉంటే వేడికి కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసి లావెక్కుతాయి, వచ్చిన అణువునల్లా పట్టుకుంటాయి. లోపలుంటే గుమ్మంలో పట్టినవాటికే ప్రవేశం. అందుకే చిన్న అణువునీ పెద్ద అణువునీ విడివిడిగా ఇచ్చి చూస్తారు. పెద్దది కూడా మారిపోయిందంటే పైన కొంత ఉన్నట్టే. ఈ ఎంపిక గుణాన్ని జియోలైట్లలో, అంటే సన్నని రంధ్రాలుండే అల్యూమినియం-సిలికాన్ స్ఫటికాల్లో, వైజ్, ఫ్రిలెట్ 1960లోనే చూపించారు.

గాజువాక: అయితే "గలఁడు" తీసేసి "గలదు" వేసుకోమనండి. అమహత్తు కదా, మగవాళ్లకి వాడే "డు" అక్కర్లేదు. మాత్రలు చెడవు, ప్రాస చెడదు.

భీమిలి మాస్టారు: ఒక్క స్లైడు కోసం చక్రిని అమహత్తు చేసేస్తారా! అరసున్న ఏం పాపం చేసింది?

సింహాచలం: ప్రహ్లాదుడు మా కొండవాడు కాబట్టి నాకూ హక్కుంది. డు, దు కాదు, "ఉపగతుండు" చూడండి. అందరూ "వ్యాపించినవాడు" అని దాటేస్తారు. ఉపగత అంటే దగ్గరకు చేరిన. చేరడం వేరు, నిండడం వేరు. పోతన ఆ "ఉప"ని ఊరికే వెయ్యడు.

మల్కాపురం: అయితే ఇది చెప్పండి. వై రకం జియోలైటులో గది వెడల్పు సుమారు 13 ఆంగ్‌స్ట్రాములు (ఒక్కోటి సెంటీమీటరులో పదికోట్లవ వంతు), గుమ్మం 7.4. థాలోసయనిన్ అనే రంగు పదార్థపు అణువంత పెద్దది ఆ గుమ్మంలో దూరదు. ముక్కల్ని లోపలికి పంపి అక్కడే కడతారు. కట్టాక బయటికీ రాలేదు. అది ఉపగతమా?

సింహాచలం: కాదు, అంతర్జాతం. మరి నృసింహుడు స్తంభంలోకి చేరాడా, అక్కడే పుట్టాడా? దీనిమీద వేరే పోస్టు పెడతాను.

గాజువాక: గింజని పగలగొట్టి చూడొచ్చుగా?

మల్కాపురం: ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు హిరణ్యకశిపుడి గదే బాబూ. ఎలక్ట్రాన్ల మోతాదు పెరిగితే జియోలైటు గోడలు కూలతాయి. 2025లో నోబెల్ తెచ్చిన ఎమ్ఓఎఫ్‌లు, అంటే లోహాల్ని కర్బన అణువులతో కలిపి అల్లిన సరంధ్ర పదార్థాలు, ఇంకా సుకుమారం. కాబట్టి తక్కువ మోతాదులో చూస్తారు. 77 కెల్విన్ దగ్గర నైట్రోజన్ ఎంత పట్టిందో కొలిచి, లోపలి ఖాళీ తగ్గిందా అని కూడా చూస్తారు. తగ్గినంత మాత్రాన లోపలుందని కాదు, గుమ్మం మూసుకుపోయినా తగ్గుతుంది.

భీమిలి మాస్టారు: మిగతాది నాకు తెలీదు గానీ, గద ఎక్కడిదండీ? అది సినిమాల్లోది. వ్యాసుడు "స్వముష్టినా" అన్నాడు. పిడికిలి.

గాజువాక: అదే శ్లోకంలో "ఖడ్గం ప్రగృహ్య" కూడా ఉంది మాస్టారూ. కత్తి ఏ చేత్తో పట్టుకుని ఏ చేత్తో గుద్దాడంటారు?