ఎఫ్‌1 వీసా ఇంటర్వ్యూ: గొంతు వణక్కుండా మాట్లాడేదెలా?

గుంటూరు_కుర్రాడు:
అన్నయ్యలూ అక్కలూ, వచ్చే వారం హైదరాబాద్‌లో నా ఎఫ్‌1 (అమెరికా స్టూడెంట్ వీసా) ఇంటర్వ్యూ, స్లాట్ దొరికేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ ఫారం), సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు) ఫీజు రసీదు, లోన్ సాంక్షన్ లెటర్ అన్నీ రెడీ. ప్రాబ్లం అల్లా నా నోరే. ఫ్రెండ్స్ దగ్గర గలగలా వాగుతా, కానీ ఎదుటోళ్ళు నన్ను జడ్జ్ చేస్తున్నారనిపిస్తే చాలు నోరు ఎండిపోతుంది, ఒక్క పదం మర్చిపోతే మొత్తం బ్లాంక్. ‘వై దిస్ యూనివర్సిటీ’కి కన్సల్టెన్సీ వాళ్ళు పేజీన్నర ఆన్సర్ ఇచ్చి బట్టీ పట్టమన్నారు, రోజూ మాక్ ఇంటర్వ్యూలు పెడుతున్నారు, పెట్టినకొద్దీ భయం పెరుగుతోంది గానీ తగ్గట్లా. ఏం చెయ్యమంటారు?

ఓరుగల్లు_పోరడు:
తమ్మీ, ముందుగాల ఆ పేజీన్నర కాయితం పక్కకు వెట్టు. నా ఇంటర్వ్యూ రోజు లైన్ల నా ముందటి పిల్లగాడు మస్తు స్పీడ్‌గ చెప్తుండు, ఆఫీసర్ మధ్యల ఆపి నీ బీటెక్ ప్రాజెక్ట్ ఏందని అడిగిండు, ఈయన ప్రాజెక్ట్ ముచ్చట ఇడిసిపెట్టి మళ్ళ యూనివర్సిటీ ర్యాంకింగ్ కాడికెళ్ళి షురూ చేసిండు. బట్టీ పట్టినోనికి గదే తిప్పలు, మధ్యల తెగితే మళ్ళ అందుకోరాదు. ఆ కోర్సుల ఏ సబ్జెక్టులు చదువుతవ్, పైసలు ఎవరు కడ్తరు, అయినంక ఏం జేస్తవ్, గివి యాదికుంటే చాలు, వాక్యం అప్పటికప్పుడు వస్తది. మాక్ చెయ్యాల్నంటే మీ అక్కనో దోస్తునో కూసోవెట్టుకొని ప్రతి జవాబుకు మధ్యల అడ్డం తగలమను.

డాలస్_కోడలు:
పై రిప్లై కరెక్ట్. నేను ఇంకోటి చెప్తాను, అక్కడ కూర్చోబెట్టి మాట్లాడరు, నువ్వు నిలబడి ఉంటావు, వాళ్ళు అద్దం అవతల నుంచి మైకులో అడుగుతారు, చాలామందికి రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. నువ్వు ఆన్సర్ చెప్పగానే వాళ్ళు తల దించుకుని టకటకా టైప్ చేసుకుంటారు చూడు, అదీ అసలు గండం! ఆ నిశ్శబ్దానికి మనవాళ్ళు కంగారుపడిపోయి అడగనివన్నీ చెప్పేస్తారు, మా బాబాయ్ న్యూజెర్సీలో ఉన్నారండీ, మా కజిన్‌కి గ్రీన్‌కార్డ్ వచ్చిందండీ అని. ఎవరడిగారు నిన్ను? చెప్పాల్సింది చెప్పి ఆగిపో, టైప్ చేసుకోనీ.

లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి లైన్లో పనేం ఉండదు, చుట్టూ ఉన్నవాళ్ళు రిజెక్షన్ల కథలు చెప్పుకుంటుంటారు, వాటికి చెవి ఒగ్గకుండా ఊపిరి మీద ధ్యాస పెట్టు. పీల్చిన దానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి, వదిలేటప్పుడే గుండె కాస్త నెమ్మదిస్తుంది. ప్రశ్న వినపడకపోతే ‘సారీ, కుడ్ యూ రిపీట్ దట్’ అను, ఏం కొంప మునగదు. ఊహించి చెప్తేనే ప్రమాదం.

రూల్స్_రాంబాబు:
చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు ఎలాగూ చేసే ఉంటావు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. 214(బి) అని అందరూ భయపెడతారు గదా, అది అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో ఒక సెక్షన్, అందులో ఉన్నది ఏంటంటే వచ్చిన ప్రతివాడూ అమెరికాలోనే ఉండిపోదామని వచ్చాడనే ఆఫీసర్ ముందు అనుకోవాలి, కాదని నిరూపించుకునే బరువు మనది. అంటే ఆఫీసర్ మొహం సీరియస్‌గా ఉందంటే నీ ఇంగ్లిష్ నచ్చలేదని కాదు, అందరికీ అదే మొహం. గొంతు వణికితే వీసా ఇవ్వొద్దని ఏ సెక్షన్‌లోనూ లేదు. రాకపోయినా మళ్ళీ 185 డాలర్లు కట్టి అప్లై చేసుకోవచ్చు, డబ్బులు దండగే అనుకో, కానీ ఇదే ఆఖరి ఛాన్స్ అనుకుని వెళ్ళేవాడికే గొంతు ఎక్కువ వణుకుతుంది.

గుంటూరు_కుర్రాడు:
థాంక్యూ అందరికీ, మా అక్కని రంగంలోకి దింపా, నిన్నట్నుంచి ఒక్క ముక్క పూర్తిగా చెప్పనివ్వట్లా. ఒక డౌటు, నాన్నది మిర్చి వ్యవసాయం, ఏటా ఒకేలా రాదు గదా, ఆదాయం అడిగితే ఏం చెప్పాలి?

డాలస్_కోడలు:
నువ్వు చూపించే కాగితాల్లో ఏ అంకె ఉందో అదే, సంవత్సరానికి ఇంత అని చెప్పెయ్. రేటు పడిపోయిన ఏడాది గొడవ నీ అంతట నువ్వు ఎత్తకు, అడిగితే అప్పుడు చెప్పు.