సమావేశంలో పుస్తకాలు ఊరికే పంచాలా, బల్ల వేసి అమ్మాలా?

గోదారిగట్టు:
సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకున్న ఆరుగురు రచయితలతో, పాఠకులతో వచ్చే నెల రెండో ఆదివారం రాజమండ్రిలో సమావేశం పెడుతున్నాం. హాల్లో 40 కుర్చీలు పడతాయి. పొద్దున 10 నుంచి ఒంటిగంట దాకా. ఊరికే ఇస్తేనే నలుగురి చేతికీ పుస్తకం చేరుతుందని కమిటీలో సగంమంది, డబ్బు పెట్టి కొంటేనే చదువుతారని మిగతా సగం. మీరేమంటారు?

అచ్చుపని:
అమ్మండి. లెక్క చూడండి. డెమ్మీ 1/8లో (మామూలు కథల పుస్తకం సైజు) 160 పేజీలంటే 10 ఫారాలు, ఫారానికి 16 పేజీలు. 500 కాపీలు వేస్తే ఒక్కోటి 80 రూపాయలు పడిందనుకుందాం, వెల 200. షాపుకి 40 శాతం కమీషన్ పోతే చేతికొచ్చేది 120, అదీ ఎన్నాళ్లకో. మీ బల్ల మీద పది శాతం తగ్గించి 180కి ఇచ్చినా కాపీకి 60 ఎక్కువ, ఆ రోజే చేతికొస్తుంది. 40 మందికీ పంచితే ఒక్కో రచయితకి 3,200 పోయినట్టే. ఆరు పుస్తకాలు ఒక్కసారే సంచిలో పడితే ఏదీ తెరవరు.

ఊరికే ఇవ్వక తప్పనివి వేరే ఉన్నాయి. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకి తలా ఒక కాపీ పంపాలి. సొంతంగా వేసుకునేవాళ్లు మర్చిపోయేది ఇదే. ముందు ఆ నాలుగూ పక్కన పెట్టించండి.

చదువరి:
అచ్చుపని గారి లెక్క సరే, అందులో చర్చ ఎక్కడుందండీ? ఎవరూ చదవకుండా వస్తే, ముందుమాట తిరగేసి వచ్చిన వక్త ఒక్కరే అరగంట లాగుతారు. ఒక్కో పుస్తకం ముగ్గురికి, మూడు వారాల ముందే, ఉచితంగా ఇవ్వండి. షరతు ఒకటే: వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడాలి, నచ్చకపోతే నచ్చలేదనే చెప్పాలి. మొత్తం 18 కాపీలు.

మిగతావాళ్లకి మొదటి పది పన్నెండు పేజీలు వాట్సాప్‌లో పంపండి. ప్రెస్‌కి ఇచ్చిన పీడీఎఫ్ అలాగే పంపితే ఫోన్లో అక్షరాలు చీమల్లా ఉంటాయి. అను ఫాంట్లలో (ప్రెస్సుల్లో వాడే పాత పద్ధతి తెలుగు అక్షరాలు) ఉంటే యూనికోడ్‌లోకి (ఫోన్లలో వాడే అక్షరాల్లోకి) మార్చి, ఏ6 సైజులో, 14 పాయింట్లలో పేజీలు మళ్లీ కట్టించండి. మార్చాక వత్తులు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

బల్లదగ్గర:
నేనూ అమ్మకం పక్షమే. కాకపోతే చాలా సభల్లో బల్ల వెనక మూలన వేస్తారు, సభ ఒంటిగంటన్నరకి తెమిలేసరికి జనం భోజనాలకి పరుగు. టీ దగ్గర, గుమ్మానికి వెళ్లే దారిలో వేయండి. టీ మధ్యలో ఇవ్వండి, చివర్లో కాదు. పుస్తకానికి ఐదు కాపీలే పైన, అట్ట కనిపించేలా నిలబెట్టాలి. మిగతావి బల్ల కింద. కట్టలుగా పేరిస్తే ఎవరూ చేత్తో ముట్టుకోరు.

ఆరుగురికీ కలిపి ఒకే క్యూఆర్ కోడ్ పెట్టొద్దు. 360 పడిందంటే అవి ఏ రెండు పుస్తకాలవో సాయంత్రానికి ఎవరికీ తెలీదు. ఎవరి కోడ్ వాళ్లది, వాళ్ల పుస్తకం పక్కనే. 180కి రెండొందలే ఇస్తారు కాబట్టి చిల్లరలో ఇరవై రూపాయల నోట్లు ఎక్కువ ఉంచుకోండి. నోటుబుక్కులో నాలుగు గళ్లు: పుస్తకం పేరు, తెచ్చినవి, అమ్మినవి, వెనక్కిచ్చినవి. తెచ్చినప్పుడొకసారి, పట్టుకెళ్లేటప్పుడొకసారి రచయిత సంతకం. ఇది లేకపోతే మంచి స్నేహాలు కూడా పది కాపీల దగ్గర చెడతాయి.

అచ్చుపని:
18 కాపీల మాటకి ఒప్పుకుంటున్నా చదువరి గారూ. అయితే ఆ ముగ్గురినీ కమిటీయే ఎంచాలి. రచయితకి వదిలేస్తే స్నేహితులకే వెళ్తాయి, మళ్లీ పొగడ్తలే. శాలువాలు మానేసి, ఆ డబ్బుతో ఆరు పుస్తకాలూ ఒక సెట్టు కొని ఊళ్లో శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలండీ. లెక్క వేశాం. రచయిత రెండు పేజీలు చదవడానికి 5 నిమిషాలు, పాఠకులు ముగ్గురికి 15, ప్రశ్నలకి 5. పుస్తకానికి 25 చొప్పున రెండున్నర గంటలు. మూడో పుస్తకం అయ్యాక, 11:15కి, టీకి ఇరవై నిమిషాలు. మిగిలేది పది నిమిషాలే, అధ్యక్షోపన్యాసం తీసేశాం. ఆరింట్లో రెండు కవితా సంపుటాలు. కథలకి పాఠకులు దొరికారు, కవిత్వానికి ఇంకా నలుగురు కావాలి. చదివి వచ్చి మాట్లాడగలిగినవాళ్లు ఈ ఆదివారంలోగా ఇక్కడే చెప్పండి, సోమవారం కాపీలు చేరుస్తాం.