మ్యాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్: బోన్ మ్యారో రిపోర్ట్ వచ్చేదాకా ఆగాలా?

వార్డు_డ్యూటీ:
సిస్టమిక్ జువెనైల్ ఆర్థరైటిస్ (కీళ్లతో పాటు ఒళ్లంతా వాపు తెచ్చే పిల్లల జబ్బు) ఉన్న పాప. జ్వరం దిగడం లేదు. ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) మాత్రం 90 నుంచి 25కి వచ్చేసరికి ఇంట్లోవాళ్లు జబ్బు నెమ్మదించిందని సంబరపడ్డారు. ఫెరిటిన్ (ఇనుమును దాచే ప్రోటీన్, వాపు ముదిరితే పెరుగుతుంది) చూస్తే వేలల్లో ఉంది, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. మాస్, అంటే మ్యాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ (మ్యాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు అదుపుతప్పి సొంత రక్తకణాల్నే మింగే ప్రమాదకర స్థితి) అనే అనుమానం. ఇప్పుడే స్టెరాయిడ్ మొదలుపెట్టాలా, మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష చూశాకా?

మ్యారో_మాష్టారు:
ముందు మ్యారో. లుకేమియా, లింఫోమా కూడా ఇదే వేషంలో వస్తాయి. స్టెరాయిడ్ పడిందంటే లుకేమియా కణాలు కొన్నాళ్లు కనబడకుండా పోతాయి, ఆ తర్వాత ఎంత వెతికినా నిర్ధారణ చిక్కదు. తొందరపడితే ఆ పిల్లకే నష్టం.

కీళ్ల_గోల:
మాష్టారూ, భయం న్యాయమైనదే, ముగింపు కాదు. మొదట్లో చాలామందికి మ్యారోలో ఏమీ కనబడదు. రక్తకణాల్ని మింగుతున్న మ్యాక్రోఫేజ్‌లు లేవని రిపోర్ట్ వచ్చినంత మాత్రాన మాస్ లేదని కాదు. 2016లో ఈ పిల్లల కోసం పెట్టిన ప్రమాణాల్లో మ్యారో ఊసే లేదు. జ్వరం, 684 దాటిన ఫెరిటిన్, వాటికి తోడు ప్లేట్‌లెట్లు, ఏఎస్‌టీ, (కాలేయ ఎంజైమ్), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు), రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్‌లలో ఏ రెండు తేడాగా ఉన్నా చాలు.

ఇంకో మాట. ఈ ఆర్థరైటిస్ ముదిరినప్పుడు ప్లేట్‌లెట్లు మామూలుగా 5 లక్షలు దాటుతాయి. అలాంటి పిల్లకు 2 లక్షలొస్తే ల్యాబ్ వాళ్లు 'నార్మల్' అని రాసేస్తారు. అది నార్మల్ కాదు, పతనం. అంకె కన్నా అది ఎటు నడుస్తోందో చూడాలి.

బాబు_అమ్మ:
మా బాబుకీ ఇదే జబ్బు. ఈఎస్ఆర్ తగ్గితే మంచిదే కదండీ? నాకు టెన్షన్ మొదలైంది.

కీళ్ల_గోల:
జ్వరం పోయి, బాబు ఆడుకుంటూ ఉంటే మంచిదేనమ్మా. జ్వరం ఉండగానే ఈఎస్ఆర్ హఠాత్తుగా పడితే మాత్రం ఆ రోజే చూపించండి. ఎర్రకణాలు త్వరగా అడుగుకు దిగేది ఫైబ్రినోజెన్ వల్ల. మాస్‌లో అది ఖర్చైపోతుంది, అందుకే ఈఎస్ఆర్ తగ్గుతుంది.

మ్యారో_మాష్టారు:
అదే రోజు మ్యారో తీసి, ఆనక స్టెరాయిడ్ ఇస్తే నాకు పేచీ లేదు. తీయకుండా ఇవ్వడమే ఒప్పుకోను.

కీళ్ల_గోల:
రాత్రిపూట తీసేవాళ్లు లేకపోతే? రక్తపు స్మియర్ మైక్రోస్కోప్ కింద చూసి, ఇన్ఫెక్షన్ ఉందేమోనని కల్చర్లు పంపి, అనాకిన్రా (వాపు పెంచే ఐఎల్-1ను అడ్డుకునే మందు) మొదలుపెడతాను. స్టెరాయిడ్‌లా అది లుకేమియా కణాల్ని చంపదు, ఒంట్లోంచి గంటల్లో పోతుంది. పొద్దున మీరొచ్చి మ్యారో తీసుకోండి. అప్పటిదాకా పిల్లను ఊరికే ఉంచమంటే మాత్రం నా వల్ల కాదు.