చిలకరింపు అయినవాళ్ళు మళ్ళీ మునగాలా? ఐక్యత ముందా, సత్యం ముందా?

కృష్ణఒడ్డు:
అందరికీ వందనాలు. ఇంట్లో తేలని గొడవ ఇక్కడ పెడుతున్నాను. మాది బందరు వైపు సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) కుటుంబం. తాతల నాడు ఇంగ్లండు సంఘానికి (ఆంగ్లికన్) చెందిన సి.ఎం.ఎస్. మిషన్ వాళ్ళం, 1947 నుంచి సి.ఎస్.ఐ. మా చెల్లికి బాప్టిస్టుల అబ్బాయితో సంబంధం కుదిరింది. పిల్లాడు మంచివాడు, రెండు వైపులా ఇష్టమే. కానీ వాళ్ళ గుళ్ళో పెళ్ళి జరగాలంటే చెల్లి ముంచుడు బాప్తిస్మం తీసుకోవాలట. పుట్టిన మూడో నెలలో మా గుడి అయ్యగారు నెత్తిన నీళ్ళు చల్లి ఇచ్చింది వాళ్ళ లెక్కలో బాప్తిస్మమే కాదు. ఆనాటి చీటీని మా నానమ్మ ఇప్పటికీ బైబిల్లో కీర్తనల దగ్గర దాచుకుంది.

పోయిన ఆదివారం ఒక ఫారం ఇచ్చారు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఆ కింద "రక్షింపబడిన తేదీ". చెల్లి అక్కడిదాకా చకచకా రాసి ఆగిపోయింది. "పుట్టిన దగ్గర్నుంచీ గుళ్ళోనే ఉన్నాను, ఏ తేదీ వెయ్యను అన్నయ్యా?" అంది.

యోహాను 17లో యేసు తనను నమ్మేవాళ్ళందరూ "ఏకమైయుండవలెనని" ప్రార్థించాడు కదా. సి.ఎస్.ఐ. పుట్టిందే ఆ మాట మీద. ఆ ప్రార్థన చదివేవాళ్ళే నా చెల్లిని మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబెట్టడం సబబేనా?

గుండ్లకమ్మ:
వందనాలు బ్రదర్. మీ చెల్లిగారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. నేను ఒంగోలు వైపు బాప్టిస్టుని. ఆమె క్రైస్తవురాలు కాదని ఎవరూ అనడం లేదు. బాప్తిస్మం పొందలేదంటున్నాం. ఆ రెండూ వేరు.

మీరు 17వ అధ్యాయంలో 21వ వచనం చూపించారు. నాలుగు వచనాలు వెనక్కి వెళ్ళండి. "సత్యమందు వారిని ప్రతిష్ఠ చేయుము, నీ వాక్యమే సత్యము." అదే ప్రార్థన, అదే రాత్రి. ముందు సత్యం అడిగాడు, తర్వాత ఐక్యత అడిగాడు. నమ్మినవాడు తానే వచ్చి తీసుకునేది బాప్తిస్మం అని మేం వాక్యంలో చదువుకున్నాం. మూడు నెలల పాప దేన్ని నమ్మింది?

మా గడ్డ మీద ఈ మాటకు విలువ ఇచ్చినవాళ్ళు ఉన్నారు. 1876-78 కరువులో మా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వచ్చి పడ్డారు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్ళూ ఆపాడు. ఆ తర్వాతే, 1878 జులై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. లెక్క పెంచుకోవడమే ముఖ్యమైతే ఏడాది ముందే ముంచేసేవాడు.

ఫిరంగిపురం:
మేం కథోలికులం, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా వైపు దీన్ని జ్ఞానస్నానం అంటారు. నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో జరిగి ఉంటే సి.ఎస్.ఐ. అయ్యగారు ఇచ్చినా, బాప్టిస్టు పాస్టరుగారు ఇచ్చినా మా తిరుసభ ఒప్పుకుంటుంది. మా గుళ్ళో చేరినా మళ్ళీ ఇవ్వరు.

ఇది ఇవాళ్టి తగాదా కాదు. మూడో శతాబ్దంలో కార్తేజీ బిషప్ సిప్రియన్ "సభకు బయట ఇచ్చింది చెల్లదు, మళ్ళీ ఇవ్వాలి" అన్నాడు. రోములో స్తెఫాను పోపు "వద్దు, తల మీద చేతులుంచి చేర్చుకుంటే చాలు" అన్నాడు. ఇద్దరూ భక్తులే, ఇద్దరూ చాలా ఘాటుగానే పోట్లాడుకున్నారు. తర్వాత సంఘ పండితుడు అగస్టీను తేల్చి చెప్పింది ఏమిటంటే, ఇచ్చేది మనిషి చెయ్యి కాదు, క్రీస్తు. అందుకని చెయ్యి ఎవరిదైనా చెల్లుతుంది. కృష్ణఒడ్డు గారూ, మీ నానమ్మ చీటీ భద్రంగా ఉంచండి.

గుండ్లకమ్మ:
ఫిరంగిపురం అన్నా, జ్ఞానస్నానం దగ్గర మీరు చాలా ఉదారంగా ఉన్నారు, సంతోషం. మరి అదే అమ్మాయి రేపు మీ పూజకు వస్తే దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే అప్పం) చేతిలో పెడతారా?

ఫిరంగిపురం:
పెట్టరు. మామూలుగా పెట్టరు. దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నాను. మా నమ్మకంలో ఆ అప్పం గుర్తు కాదు, ఆయన శరీరమే. అది నమ్మకుండా, సభతో కలవకుండా చెయ్యి చాపితే అబద్ధం ఆడినట్టవుతుందని మా వాదన.

గుండ్లకమ్మ:
చూశారా, మీరు ప్రభువు బల్ల దగ్గర ఆపుతున్నారు, మేం బాప్తిస్మం తొట్టి దగ్గర ఆపుతున్నాం. తలుపు లేని ఇల్లు ఎవరికీ లేదు.

గ్రీకు_బెంచీ:
ఆ తలుపు మాట బాగుంది. నేను వేదాంతం చదువుకుంటున్నవాణ్ణి. మా కాలేజీలో బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్ళం ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే గ్రీకు క్రియలు బట్టీపడతాం. పట్టా పుచ్చుకున్నాక ఎవరి గుడికి వాళ్ళం పోతాం. పరీక్షలో ఒకరి పేపరు ఇంకొకరికి చూపించుకునేంత ఐక్యత మాత్రం ఉంది.

బల్ల గురించి ఒక సంగతి చెప్తాను. 1529 అక్టోబరులో మార్బుర్గ్ కోటలో జర్మనీ సంస్కర్త లూథరు, జ్యూరిక్ సంస్కర్త జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. 15 అంశాల్లో 14 కుదిరాయి. 15వది ప్రభువు భోజనం. అందులో కూడా చాలావరకు కలిసింది, అప్పంలో ఆయన శరీరం నిజంగా ఉందా అన్న ముక్క దగ్గర ఆగింది. లూథరు ముందే బల్ల మీద సుద్దముక్కతో "ఇది నా శరీరము" అని లాటినులో రాసిపెట్టుకుని, దాని మీద గుడ్డ కప్పి ఉంచాడు. వాదన ముదిరేసరికి గుడ్డ తీసి చూపించాడు. జ్వింగ్లీ కన్నీళ్ళు పెట్టుకున్నాడంటారు. విడిపోయారు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు లూథరు మీద కోపం వస్తుంది. కానీ ఆ సుద్దరాత చెరిపేసి ఉంటే లూథరు లూథరయ్యేవాడా అని కూడా అనిపిస్తుంది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బుర్గ్‌లో కథోలికులు, లూథరన్లు "నీతిమంతులుగా తీర్చబడటం" గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. అసలు చీలికకు మూలం ఆ సిద్ధాంతమే. రెండు వైపులా తమ మాట వదులుకోలేదు, ఎదుటివాడి మాటకు అర్థం ఇంత కాలం తప్పుగా పట్టామేమోనని కూర్చుని చదివారు. కాబట్టి సత్యమా, ఐక్యతా అని తక్కెడలో పెట్టడమే పొరపాటని నా అభిప్రాయం.

హెబ్రోను_వాకిలి:
ప్రైజ్ ది లార్డ్. మిషన్ల పేర్లు తీసేయండి, సమస్య పోతుంది. బక్త్‌సింగ్‌గారు సిక్కు కుటుంబం నుంచి వచ్చి హైదరాబాద్ హెబ్రోనులో ఏ శాఖ పేరూ పెట్టకుండా సహవాసం కట్టారు. కూడికలకు వెళ్ళినవాళ్ళకు తెలుసు, వేలమంది చాపల మీద కూర్చుని ఒకే ప్రేమవిందు తింటారు. సత్యం సిద్ధాంతం కాదు, వ్యక్తి. "నేనే మార్గమును, సత్యమును, జీవమును" అన్నాడు కదా.

గుండ్లకమ్మ:
ఆమెన్ బ్రదర్. కానీ ఆ వ్యక్తి మాట్లాడాడు కూడా. మాటల్ని పక్కన పెట్టి మనిషిని మాత్రం ప్రేమిస్తామంటే కుదురుతుందా? ఇంకో మాట. మీ సహవాసంలో కూడా ముంచుడే కదా. చిలకరింపు వాళ్ళకు రొట్టె ఇస్తారా?

హెబ్రోను_వాకిలి:
మా దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే.

చీరాల_చాయ్:
హహ. పేరు లేని శాఖ అన్నమాట.

నేను గుడికి వెళ్ళడం మానేసి పదేళ్ళయింది, కాబట్టి నా మాటకు విలువ ఎంతో మీరే చూసుకోండి. మీరంతా సత్యం సత్యం అంటున్నారు. ఈ సత్యాలు మన పెద్దలకు ఎలా వచ్చాయి? మిషన్లు జిల్లాలు పంచుకున్నాయి. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులు. గుంటూరు లూథరన్లు, 1842లో హయ్యర్‌గారు దిగినప్పటి నుంచి. బందరు సి.ఎం.ఎస్. కడప లండన్ మిషన్. కాకినాడ కెనడా బాప్టిస్టులు. మా తాత గుండ్లకమ్మకు ఇవతల పుట్టాడు కాబట్టి మునిగాడు. ఇంకో యాభై మైళ్ళు ఉత్తరాన పుట్టి ఉంటే పసిపిల్లాడిగానే నీళ్ళు చల్లించుకుని లూథరు ప్రశ్నోత్తరాలు వల్లించేవాడు. ఆయన వాక్యం పరిశోధించి తేల్చుకున్నది ఏమీ లేదు, ఎడ్లబండి మీద ఏ దొర వచ్చాడన్నదే.

ఇంకోటి. మా ఊళ్ళో రెండు గుళ్ళు. రెండూ ఒకే శాఖవి, ఒకే పాటల పుస్తకం. ఒకటి మాలపల్లెది, ఒకటి మాదిగపల్లెది. సమాధుల తోటలు కూడా వేరే. ముంచాలా చల్లాలా అనే గొడవ లేదు అక్కడ. దాని గురించి ఏ సంఘ సినడు సభలో అయినా సుద్దముక్కతో రాశారా?

నిర్వాహకులు:
పై పోస్టుకు వచ్చిన జవాబుల్లో మూడు తీసేశాం. కులం గురించి మాట్లాడండి, కులం పేరుతో తిట్టొద్దు.

గ్రీకు_బెంచీ:
చీరాల అన్నా, రెండో ముక్కకు నా దగ్గర జవాబు లేదు. సిగ్గుగా ఉంది.

మొదటిదానికి ఉంది. మీరు చెప్పిన ఎడ్లబండి సంగతే మనవాళ్ళను ముందు కదిలించింది. 1919లో తరంగంబాడిలో కొందరు అయ్యగార్లు కూడి అన్నది దాదాపు అదే: ఈ చీలికలు మనం తెచ్చుకున్నవి కాదు, పై దేశాల నుంచి దిగుమతి అయినవి. వాళ్ళలో దోర్నకల్ బిషప్ అజరయ్యగారు ముఖ్యులు. 1912లో అభిషేకమైన ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. పడమటి దేశాల్లో విభజన ఒక బలహీనత, ఇక్కడ మాత్రం పాపం అని ఆయన లోకానికి చెప్పుకొచ్చారు. అయితే 1919లో మొదలైన మాట 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్లో సి.ఎస్.ఐ. పుట్టేదాకా ముగియలేదు. 28 ఏళ్ళు! అజరయ్యగారు 1945 జనవరి 1నే పోయారు, చూడలేదు.

అన్నేళ్ళు ఎందుకు పట్టింది? సత్యం గురించి పట్టుబట్టారు కాబట్టే. బిషప్ చెయ్యి పడకుండా అభిషేకం పొందిన అయ్యగార్లు చెల్లుతారా లేదా అన్నది పెద్ద చిక్కు. చివరికి పాతవాళ్ళకు మళ్ళీ అభిషేకం అక్కర్లేదు, ఇకమీద వచ్చేవాళ్ళందరికీ బిషప్పులే ఇస్తారు అని తేల్చారు. ఇంగ్లండులో కొంతమంది మండిపడ్డారు. మన నంద్యాల ఆంగ్లికన్లు 1947లో చేరనే లేదు, చాలా ఏళ్ళ తర్వాత వచ్చారు.

కృష్ణఒడ్డు:
అంటే బెంచీ తమ్ముడూ, అయ్యగార్లకు రెండోసారి అభిషేకం అక్కర్లేదన్నారు. నా చెల్లికి రెండోసారి నీళ్ళు ఎందుకు?

గ్రీకు_బెంచీ:
ఆ కలయికలో బాప్టిస్టులు లేరు కదన్నా. అదే తేడా. కానీ 1970లో నాగపూరులో ఉత్తర భారత సంఘం, అదే సి.ఎన్.ఐ., ఏర్పడినప్పుడు అక్కడి బాప్టిస్టులు చేరారు. పసిబిడ్డల బాప్తిస్మం, పెద్దయ్యాక బాప్తిస్మం రెండూ ఒకే సంఘంలో ఉండొచ్చని రాసుకున్నారు. కాబట్టి కుదరనిది కాదు.

గుండ్లకమ్మ:
కుదిరింది అంటే నిజమైంది అని కాదు తమ్ముడూ. మా మాట వినేవాళ్ళు ఎప్పుడూ "ఐక్యత కోసం సర్దుకో" అంటారు. జ్యూరిక్‌లో 1527 జనవరిలో ఫెలిక్స్ మాంజ్ అనే యువకుణ్ణి చేతులు కట్టి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. చేసిన నేరం పెద్దవాళ్ళకు మళ్ళీ బాప్తిస్మం ఇవ్వడం. ఊరంతా ఒకే సంఘంగా ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. చంపినవాళ్ళు కథోలికులు కూడా కాదు, సంస్కరణ వైపు నిలిచిన జ్వింగ్లీ ఊరి పాలకులే. అప్పటి నుంచి "ఏకము" అనే మాట వినగానే మాకు ఎవరి కింద అన్న అనుమానం వస్తుంది.

ఇంకా సూటిగా చెప్తాను. రెండూ చెల్లుతాయి అనడం మధ్యేమార్గం కాదు. మేం తప్పు అనడమే అది, మెత్తగా.

ఫిరంగిపురం:
అది నిజమే అనిపిస్తోంది గుండ్లకమ్మ గారూ. "ఒకసారి చాలు" అనేది కూడా ఒక సిద్ధాంతమే, మధ్యవర్తి తీర్పు కాదు. అయితే మా సభ 1964లో వాటికన్ మహాసభలో ఒక మాట చెప్పింది, సత్యాల్లో కూడా ఒక వరస ఉందని. త్రిత్వం, క్రీస్తు మరణ పునరుత్థానాలు పునాది. మిగతావి దాని మీద ఎంత దగ్గరగా కట్టారో చూసుకోవాలి. నీళ్ళు ఎన్ని అన్నది పునాదా, గోడా?

గుండ్లకమ్మ:
వరస ఎవరు పెడతారన్నదే నా ప్రశ్న. మీకు పోపుగారున్నారు. మాకు బైబిలూ, సంఘ మీటింగూ.

చీరాల_చాయ్:
సంఘ మీటింగు అంటే గుర్తొచ్చింది, మా వాళ్ళు ఆస్తి కేసు కోసం కోర్టుకెళ్ళారు. అక్కడ మాత్రం రెండు వర్గాలూ ఒకే లాయరు దగ్గర ఫీజు బేరం ఆడారు.

కృష్ణఒడ్డు:
నవ్వొచ్చింది. నా చెల్లి ఈ చర్చ మొత్తం చదివింది. తనే రాస్తానంది, ఐడీ లేదు కాబట్టి నేను టైపు చేస్తున్నాను. తన మాటలే:

"గుండ్లకమ్మ అన్నయ్యగారికి వందనాలు. మీరు అడిగింది న్యాయమే, మూడు నెలల పాప ఏం నమ్మింది అని. నేనేం నమ్మలేదు, నానమ్మ నమ్మింది. కానీ పదహారో ఏట మా బిషప్‌గారు కన్ఫర్మేషన్ ఇచ్చినప్పుడు గుడి నిండా జనం ముందు నిలబడి నేనే నోరు తెరిచి ఒప్పుకున్నాను. ఆరు నెలలు క్లాసులకు వెళ్ళాను. ముందు రోజు రాత్రి నిద్రపోలేదు. ఆ రోజు తేదీ నాకు తెలుసు. మీ ఫారంలో ఆ తేదీ వేస్తే అబద్ధం అవుతుందా? నీళ్ళు ముందు వచ్చాయి, నమ్మకం తర్వాత వచ్చింది. మీకు వరస తప్పింది. రెండూ లేకుండా అయితే పోలేదు కదా. మళ్ళీ మునగడానికి నాకు భయం లేదు. మునిగితే నానమ్మ చేసింది ఉత్తిదే అని నేను సంతకం పెట్టినట్టు అవుతుందని భయం."

గుండ్లకమ్మ:
అమ్మా, నిన్న రాత్రి నుంచి దీనికి జవాబు రాసి చెరిపేస్తున్నాను. వరస ముఖ్యం అనే ఇప్పటికీ నమ్ముతున్నాను. అపొస్తలుల కార్యములలో నమ్మి, ఆ తర్వాతే నీళ్ళలోకి దిగారు. కానీ ఆ తేదీ అబద్ధం అని అనలేను. "రక్షింపబడిన తేదీ" గడిలో అది వేయవచ్చనే అనుకుంటున్నాను. దాని కింద గడి, బాప్తిస్మం తేదీ, అక్కడ ఏం వేయాలో నాకు తెలియడం లేదు. మా అయ్యగారిని అడిగి చెప్తాను.

ఫిరంగిపురం:
చెల్లమ్మా, మీ నానమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

కృష్ణఒడ్డు:
కబురు: నిన్న చెల్లీ నేనూ వెళ్ళి వాళ్ళ పాస్టరుగారిని కలిశాం. చీటీ, కన్ఫర్మేషన్ సర్టిఫికెట్ రెండూ చూపించాం. పెద్దాయన, కోప్పడలేదు. ప్రసంగవేదిక ముందు పలకలు ఎత్తి తొట్టి చూపించాడు, నీళ్ళు లేవు, అడుగున కుర్చీలు పేర్చి ఉన్నాయి. ఫారం తీసుకుని మొదటి గడిలో కన్ఫర్మేషన్ తేదీ పెన్నుతో వేశాడు. రెండో గడిలో నానమ్మ చీటీ మీదున్న తేదీ పెన్సిలుతో వేసి, "ఇది నా ఒక్కడి చేతిలో లేదమ్మా, ఆదివారం పెద్దల ముందు పెడతాను" అన్నాడు. పెళ్ళికొడుకు బయట బైకు మీద కూర్చుని ఉన్నాడు. పెన్సిలా పెన్నా అని మొదట అడిగింది అతనే.