అప్‌డేట్: ఆవకాయ సీసాల నుంచి నూనె కారడం ఆగింది

మేం పంపే పార్శిళ్లలో ఆవకాయ సీసాల నుంచి నూనె కారుతోందని, మూతలు మార్చాలా అని గత నెల ఇక్కడ అడిగాను. ముందు టొయోటా కార్ల కంపెనీలో ఇంజనీరు తైచి ఓనో నేర్పినట్టు ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడిగి చూడమన్నారు మీరు.

మూడోసారికే విషయం బయటపడింది. మూత ఎందుకు వదులవుతోంది? సీసా అంచుకు నూనె అంటుతోంది. ఎందుకు? గరిటెతో నేరుగా నింపుతున్నాం. ఎందుకు? వెడల్పు గరాటు విరిగి మూడు నెలలైంది. ఆ మాట నింపే అక్క రెండుసార్లు చెప్పిందట, సీజను హడావిడిలో నేను వినిపించుకోలేదు. అది తెలిసి చాలా బాధేసింది.

కొత్త గరాటు కొన్నాం. మూత బిగించే ముందు అంచును పొడిగుడ్డతో తుడుస్తున్నాం. మూతలు పాతవే. నిన్నటిదాకా పంపిన 64 పార్శిళ్లలో ఒక్కటీ కారలేదు. ఇప్పుడు ప్రతి సోమవారం పది నిమిషాలు పనిచేసేవాళ్లు తమ ఇబ్బందులు చెబుతారు, నేను రాసుకుంటాను.