బ్రాంచ్ లేని ఇంజనీరింగ్ డిగ్రీ: మా అమ్మాయిని పంపొచ్చా?

గుంటూరు_టు_ఎడిసన్:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి పన్నెండో క్లాసు, ఇక్కడ అమెరికాలోనే రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి పెద్ద స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్. రెండోది మొత్తం కలిపి 1,600 మంది పిల్లలుండే లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. తనకి ఈ రెండోదే కావాలట. అక్కడ డిగ్రీ పేరు ఉత్త 'ఇంజనీరింగ్'. మెకానికల్ కాదు, ఎలక్ట్రికల్ కాదు. పైగా చరిత్ర, బొమ్మలు గీయడం లాంటి క్లాసులు కూడా తీసుకోవాలి. నిన్న మా అమ్మ ఫోన్ చేసి "ఏ బ్రాంచిరా?" అని అడిగింది. "బ్రాంచ్ లేదమ్మా" అంటే "అయ్యో, సీటు రాలేదా!" అంది. నేను 97లో ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఈసీఈకి ర్యాంకు చాలక సివిల్ తీసుకున్నవాణ్ణి, ఇప్పుడు జావా రాసుకుంటున్నాను. అయినా బ్రాంచ్ లేదంటే టెన్షన్‌గానే ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

బోల్టు_నట్టు:
అన్నా, ఇంజనీరింగ్ చదవాలంటే ఇంజనీరింగ్ కాలేజీకే పంపు. పెద్ద ల్యాబులు, వందల కంపెనీలొచ్చే కెరీర్ ఫెయిర్ చిన్నచోట ఎక్కణ్ణుంచి వస్తాయి? బొమ్మలు ఇంట్లో కూర్చుని కూడా గీసుకోవచ్చు.

జిగురు_సీసా:
అంకుల్, నేను అలాంటి కాలేజీలోనే చదివాను. ఇప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, పీఈ లైసెన్సు (ప్రొఫెషనల్ ఇంజనీర్‌గా రాష్ట్రం ఇచ్చేది) కూడా ఉంది.

ముందు ఏబెట్ (ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూడండి, మిగతావన్నీ ఆ తర్వాతే. స్వార్త్‌మోర్, హార్వీ మడ్, స్మిత్ మూడూ బ్రాంచ్ లేని డిగ్రీలే ఇస్తాయి, మూడింటికీ ఏబెట్ ఉంది. స్మిత్ ఆడపిల్లల కాలేజీ, 1999లో ఇంజనీరింగ్ మొదలుపెట్టింది. అక్కడే ఇంజనీరింగ్‌లో బీఏ ఇంకోటుంది, దానికి ఆ గుర్తింపు లేదు. అందుకే కాలేజీ పేరు చూసి ఊరుకోకుండా డిగ్రీ పేరు కూడా చూడమంటున్నాను. గుర్తింపు లేకపోతే రేపు లైసెన్సు దగ్గర చాలా రాష్ట్రాల్లో తిప్పలే.

ఇక చదువు సంగతి. రెండో ఏడు స్టాటిక్స్ క్లాసులో పద్నాలుగు మందిమి. బాల్సా చెక్కతో బుల్లి వంతెన కట్టి, దానికి బకెట్ వేలాడదీసి, విరిగేదాకా ఇసుక పోయాలి. ఏ ముక్క ముందు విరుగుతుందో ముందే లెక్కగట్టి చెప్పాలి. నా లెక్క తప్పలేదు గానీ ఆ ముక్క విరగనే లేదు. సగం బరువుకే అతుకు ఊడింది. దానిమీద రెండు పేజీలు, ఇంజనీరింగ్ తెలియనివాళ్లకి కూడా అర్థమయ్యేలా రాయమన్నారు. నేను 'జిగురు రాయబడి, ఆరనివ్వబడినది' అన్న ధోరణిలో దర్జాగా రాసిచ్చాను. కాగితం తిరిగొచ్చేసరికి మార్జిన్‌లో ఎర్ర సిరాతో "ఎవరు రాశారు? ఎంతసేపు ఆరింది?" అని ఉంది. జిగురు రాసింది నేనే, రాత్రి రెండింటికి. ఆరబెట్టింది హెయిర్ డ్రయ్యర్‌తో, పది నిమిషాలు. ఇప్పుడు సైటు నుంచి 'వెల్డింగ్ పరీక్షించబడింది' అని రిపోర్టొస్తే ముందు నా నోట్లోంచి వచ్చే మాట "ఎవరు?"

పద్నాలుగు మంది కాబట్టి ఆ రెండు పేజీలూ ప్రొఫెసర్ కూర్చుని చదివారు. నూట యాభై మంది ఉంటే చదవగలరా?

కష్టాలు లేవని కాదు. ఉద్యోగానికి అప్లై చేస్తే ఒక పెద్ద కంపెనీ ఫారంలో బ్రాంచ్ ఎంచుకోమంది. నాది ఆ జాబితాలోనే లేదు. 'ఇతరములు' నొక్కాను, ఈరోజుకీ జవాబు లేదు. మొదటి ఉద్యోగం ఒక సీనియర్ అక్క పుణ్యమా అని వచ్చింది. లోతుగా చదవాల్సిన కోర్సులేమో మాస్టర్స్‌లో చదివాను, అదింకో ఏడాది ఖర్చు. బోల్టు_నట్టు గారన్న ల్యాబుల మాట నిజమే. మీ అమ్మాయికి విమానాలో, కెమికల్ ప్లాంట్లో అని ఇప్పుడే గట్టిగా ఉంటే పెద్ద యూనివర్సిటీకే పంపండి. ఇంకా తేల్చుకోలేదంటే చిన్న కాలేజీయే నయం. అయినా సివిల్ చదివి జావా రాస్తున్న మీరు బ్రాంచ్ గురించి భయపడటమేంటి అంకుల్ :)

కౌన్సెలింగ్_బాధితుడు:
ఒక్కటి అడగండి, ఇంజనీరింగ్ డిగ్రీ ఆ కాలేజీదేనా, లేక త్రీ-టూ పద్ధతా? త్రీ-టూ అయితే మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు కొలంబియా యూనివర్సిటీ లాంటి చోట, చివరికి రెండు డిగ్రీలు. వినడానికి బాగుంటుంది. మా మేనల్లుడు అలాగే చేరాడు. మూడేళ్లయ్యాక స్నేహితుల్ని వదిలి వెళ్లబుద్ధి కాక ఫిజిక్స్‌తోనే ముగించాడు. రెండోచోట ఫీజు సాయం మళ్లీ మొదట్నుంచి అడగాలి కూడా. ఇంకా హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లల్ని సాయం విషయంలో చాలా కాలేజీలు ఇంటర్నేషనల్ కిందే లెక్కేస్తాయి. ఫీజు సాయం గురించి కాలేజీ పంపిన ఉత్తరం మళ్లీ ఒకసారి చదవండి.

గుంటూరు_టు_ఎడిసన్:
అందరికీ థాంక్స్. డిగ్రీ ఆ కాలేజీదే, ఏబెట్ ఉంది, ఇప్పుడే చూశాను. జిగురు_సీసా గారి జవాబు మా అమ్మాయి చదివి, ఇంక నేను మాట్లాడేదేం లేదు నాన్నా అని వెళ్లిపోయింది. మా అమ్మకి ఫోన్ చేసి "అన్ని బ్రాంచీలూ కొంచెం కొంచెం చెప్తారమ్మా" అన్నాను. "మరి ఫీజు కూడా అన్నిటికీ కట్టాలా?" అని అడిగింది.